ఆడవాళ్ళకి మొదటి స్నోబోర్డ్: మా ఆయన పాత 158 వాడొచ్చా, కొత్తది కొనాలా?

బెల్‌వ్యూ_బంతి
పోయిన నెల సియాటిల్ దగ్గరి స్నోక్వాల్మీ కొండ మీద స్నోబోర్డ్ లెసన్లు రెండు తీసుకున్నాను. మొదటి రోజు వాళ్ళిచ్చిన అద్దె బోర్డు మీద బాగానే ఉంది. మ్యాజిక్ కార్పెట్ (కొత్తవాళ్ళని పైకి తీసుకెళ్ళే కదిలే పట్టీ) పక్కనున్న చిన్న వాలు మీద హీల్ ఎడ్జ్‌తో, అంటే మడమల వైపు అంచుతో జారుతూ, ఆగాలనుకున్న చోట ఆగగలిగాను. రెండో వారం మా ఆయన తన పాత బోర్డు తీసిచ్చారు. 158 సెంటీమీటర్ల పొడవు. గరాజ్‌లో ఊరికే పడుంది, అద్దె డబ్బులు ఎందుకు దండగ అన్నారు. ఆ రోజు, వచ్చిందనుకున్నది కూడా పోయింది. తిప్పుదామని కాలివేళ్ళు నొక్కుతాను, బోర్డు కదలదు, తిన్నగా పోతుంది. ఇంకొంచెం నొక్కితే ఒక్కసారిగా అంచు మంచులో దిగబడి బోర్లా పడతాను. సాయంత్రానికి రెండు మోకాళ్ళూ కమిలిపోయాయి.

నా వయసు 34, ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు, బరువు 57 కిలోలు, చెప్పుల సైజు యు.ఎస్. 7. షాపుకి వెళ్తే అక్కడి అబ్బాయి రెండు చూపించాడు. ఒకటి మెత్తగా వంగేది, 'బిగినర్' అని రాసుంది. రెండోది బాగా గట్టిది, క్యాంబర్ బోర్డు. "మీరు త్వరగా నేర్చుకుంటారు, ఇది కొంటే మళ్ళీ ఇంకోటి కొనక్కర్లేదు" అని రెండోదాన్నే పొగిడాడు. బోర్డు, బైండింగులు (బూట్లని బోర్డుకి బిగించే పట్టీల అమరిక), బూట్లు అన్నీ కలిపి 600 డాలర్లు దాటకూడదనుకుంటున్నాను.

అసలు ఆడవాళ్ళ బోర్డు అని వేరేగా ఉండటంలో అర్థం ఉందా, లేక రంగు మార్చి అమ్ముతారా? ఏ సైజు తీసుకోవాలి? నేర్చుకోవాలని మాత్రం గట్టిగా ఉంది.

డెన్వర్_బాబాయ్
ముందు ఆ 158ని మళ్ళీ గరాజ్‌లో పెట్టేయమ్మా. అరువు సొమ్ము బరువు చేటు అని ఊరికే అనలేదు.

158 అంటే దాదాపు 70 కిలోలు పైబడిన మగవాళ్ళకి సరిపోయే పొడవు. బోర్డు వంగాలంటే దాని మీద తగినంత బరువు పడాలి. వంగితేనే అంచు మంచుని పట్టుకుని వంపు తిరుగుతుంది. 57 కిలోలతో నువ్వెంత నొక్కినా అది చెక్కలాగే ఉంటుంది. తప్పు నీది కాదు.

నీ బరువుకి 143 నుంచి 147 మధ్య చూసుకో. గడ్డం దాకా రావాలి, ముక్కు దాకా రావాలి అనే లెక్క పాతది. ఇప్పుడు ప్రతి కంపెనీ బోర్డు సైజు పక్కన బరువుల పట్టిక ఇస్తుంది. చూడాల్సింది అదే. ఒకే ఎత్తున్న ఇద్దరిలో ఒకరు 48 కిలోలు, ఇంకొకరు 70 కిలోలు ఉంటే ఇద్దరికీ ఒకే బోర్డు ఎలా సరిపోతుంది?

గుంటూరు_గొడ్డుకారం
బాబాయ్ చెప్పాక ఇంక తిరుగులేదు. మా ఆవిడకీ ఇదే చేశాను నేను, నా 159 ఇచ్చి. రెండేళ్ళు స్నోబోర్డ్ మాటెత్తనివ్వలేదు.

పదోనంబర్_పాదం
ఆడవాళ్ళ బోర్డు అన్నదాని మీద ఒక మాట. నా సైజు ఆడవాళ్ళ యు.ఎస్. 10, ఎత్తు 5 అడుగుల 9. షాపులో చూపించిన ఆడవాళ్ళ బోర్డులన్నీ నాకు సన్నగా ఉండి బూటు ముందు భాగం బయటికి పొడుచుకొచ్చేది. మలుపులో వంగినప్పుడల్లా వేళ్ళ కొస మంచుకి రాసుకుని బోర్డు జారిపోయేది. మగవాళ్ళ బోర్డు, మెత్తగా ఉండే 152 తీసుకున్నాక ఆ బాధ పోయింది. కాబట్టి పేరు చూసి కొనకండి, కొలత చూసి కొనండి. అమ్మేవాళ్ళు సగం రంగులే అమ్ముతారని నా అభిప్రాయం.

టాహో_తుమ్మెద
పదోనంబర్ గారూ, మీ విషయంలో అది నిజం. కానీ రంగులే అనడం ఒప్పుకోను. ఆడవాళ్ళ బోర్డుల్లో నడుము వెడల్పు, అంటే బోర్డు మధ్యలో సన్నగా ఉండే చోటి వెడల్పు, తక్కువ ఉంటుంది. సుమారు 24 సెంటీమీటర్లు, అటూఇటూగా. మగవాళ్ళ 158 అయితే 25 పైనే. బంతి గారి పాదం 24 సెంటీమీటర్లు ఉంటుందనుకుంటే, ఆ వెడల్పాటి బోర్డు మీద ఆవిడ వేళ్ళూ మడమలూ అంచుల దాకా అందవు. అంచు మీదికి బరువు వెళ్ళకపోతే బోర్డు తిరగదు. తిరగాలంటే చీలమండ ఇంకా ఎక్కువ వంచాలి, అప్పుడు ఆలస్యంగా, ఒక్కసారిగా అంచు దిగుతుంది. ఆవిడ చెప్పిన బోర్లా పడటం అదే.

దానికి తోడు ఆడవాళ్ళ బోర్డులు అదే పొడవులో కాస్త మెత్తగా వంగుతాయి. బైండింగుల మధ్య దూరం కూడా తక్కువ పెట్టుకునేలా రంధ్రాలుంటాయి. ఆడవాళ్ళ పిక్క కండరం సాధారణంగా కాస్త కిందికి ఉంటుంది. అందుకని ఆడవాళ్ళ బూట్లూ, బైండింగు వెనక పలకా పొట్టిగా చేస్తారు. మగవాళ్ళ బైండింగు వాడితే ఆ పలక పిక్క మధ్యలో గుచ్చుకుంటుంది. బంతి గారూ, మీ పిక్కల మీద నల్లగా కమిలిందా?

బెల్‌వ్యూ_బంతి
టాహో గారూ, కమిలింది! కుడికాలికి అడ్డంగా గీతలాగా. బూటు బిగించడం వల్ల అనుకున్నాను. పైగా ఆ బైండింగు పట్టీలు చివరి పన్ను దాకా లాగినా నా బూటు మీద వదులుగానే ఉన్నాయి.

టాహో_తుమ్మెద
మీ ఆయన బైండింగు లార్జ్ అయ్యుంటుంది. మీకు స్మాల్ గానీ మీడియం గానీ కావాలి.

ఇంకో మాట, ఇది నేను దెబ్బతిని నేర్చుకున్నది. బోర్డు సంగతి తర్వాత, ముందు బూట్లు కొనండి. ఉన్న డబ్బులో పెద్ద వాటా బూట్లకే పెట్టండి. బోర్డు అద్దెకి తెచ్చుకున్నా పర్వాలేదు, బూట్లు మాత్రం మీవే ఉండాలి. నా మొదటి సీజన్‌లో మందం సాక్సులు వేసుకుంటాను కదా అని ఒక సైజు పెద్దవి కొన్నాను. లోపల మడమ లేస్తోంది. టో ఎడ్జ్ (వేళ్ళ వైపు అంచు) మీదికి వెళ్దామని నేను వేళ్ళ మీద లేస్తే, పాదం బూటులోపలే లేచేది, బోర్డుకి ఆ కబురే అందేది కాదు. మడమ లేవకుండా ఉండాలని లేసులు ఇంకా లాగి కట్టేదాన్ని. దాంతో రక్తం ఆడక పాదాలు గడ్డకట్టేవి. చలికని ఇంకో జత సాక్సులు వేశాను. ఇంకా చల్లబడ్డాయి. సీజనంతా అలాగే గడిచింది.

ఇంట్లో ఇలా కొలవండి. సాయంత్రం పూట, పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి. కింద కాగితం పెట్టి, మడమ గోడకి ఆనించి నిలబడి, పొడవైన వేలి దగ్గర గీత గీయండి. గోడ నుంచి గీత దాకా ఎన్ని సెంటీమీటర్లో అదే మోండో సైజు. బూటు లోపల నాలుక మీద ఆ అంకె రాసుంటుంది. చెప్పుల సైజుని నమ్మకండి.

షాపులో సన్నని ఒక్క జత సాక్సులతో వేసుకోండి. వేసుకునేటప్పుడు మడమని నేలకేసి రెండుసార్లు తట్టి, వెనక్కి కూర్చోబెట్టి, అప్పుడు బిగించండి. నిటారుగా నిలబడితే వేళ్ళు ముందు గోడని తాకీ తాకనట్టు ఉండాలి. మోకాళ్ళు వంచితే వేళ్ళు వెనక్కి జరగాలి. ఇప్పుడు వేళ్ళ మీద లేచి చూడండి, మడమ కదలకూడదు. వేసుకునే పదిహేను ఇరవై నిమిషాలు షాపులో తిరగండి. మొదట్లో బిగుతుగా అనిపించిందే మంచిది, ఎందుకంటే లోపలి మెత్త కొన్ని రోజులకి అణిగి వదులవుతుంది. కానీ ఒకే చోట గుచ్చుతుంటే మాత్రం అది మీ పాదానికి సరిపడే బూటు కాదు, ఎంత తగ్గింపు ఇచ్చినా వదిలేయండి.

ఓరుగల్లు_హిమ
టాహో అక్కా, ఈ పోస్ట్ దాచుకుంటున్నాను. బూటు బిగించడానికి తిప్పే బోవా చక్రమా, లేసులా? ఏది మంచిది?

టాహో_తుమ్మెద
హిమా, చేతికి గ్లవ్స్ ఉన్నప్పుడు చక్రం తిప్పడం తేలిక. ఒకే చక్రం ఉన్నవాటిలో పైనా కిందా ఒకేలా బిగుస్తుంది, రెండు చక్రాలున్నవి వేరువేరుగా బిగించుకోవచ్చు కానీ ధర ఎక్కువ. పాదానికి సరిపడ్డ బూటు లేసులదైతే లేసులదే కొనుక్కో.

వ్యాక్స్_వీరుడు
అందరూ మెత్తటి బోర్డు అంటున్నారు. నేను ఒప్పుకోను. మొదటి రోజు నుంచీ క్యాంబర్ మీద నేర్చుకున్నవాళ్ళకి అంచు వాడటం సరిగ్గా వస్తుంది. రాకర్ మీద నేర్చుకుంటే తప్పులన్నీ బోర్డు క్షమించేస్తుంది, ఆ తప్పులే అలవాటైపోతాయి. తర్వాత వేగం పెరిగాక కష్టం. షాపు అబ్బాయి చెప్పినదాంట్లో అర్థం లేకపోలేదు.

బెల్‌వ్యూ_బంతి
వీరుడు గారూ, క్యాంబర్, రాకర్ అంటే ఏంటో నాకింకా సరిగ్గా తెలియదు. ఎవరైనా మామూలు మాటల్లో చెప్తారా?

డెన్వర్_బాబాయ్
బోర్డుని బల్ల మీద పెట్టి పక్కనుంచి చూడమ్మా. క్యాంబర్ అయితే మధ్యలో బల్లకి తగలకుండా కాస్త పైకి లేచి ఉంటుంది, బోర్లించిన విల్లులాగా. కొనల దగ్గర తగులుతుంది. రాకర్ అయితే పడవ అడుగులాగా మధ్యలో తగిలి, రెండు కొనలూ ముందు నుంచే పైకి లేస్తాయి. ఫ్లాట్ అంటే కాళ్ళ మధ్య బల్లపరుపుగా ఉంటుంది. ఇవి కలిపిన రకాలు చాలా ఉన్నాయి.

కొత్తవాళ్ళకి ఎందుకు తేడా వస్తుందంటే, బోర్డు పక్కకి జారుతున్నప్పుడు కింది వైపు అంచు మంచులో గుచ్చుకుంటే విసిరి కొడుతుంది. క్యాంబర్‌లో కొనల దగ్గరి అంచు ఎప్పుడూ మంచు మీదే ఆని ఉంటుంది కాబట్టి అది గుచ్చుకునే అవకాశం ఎక్కువ. రాకర్, ఫ్లాట్ రకాల్లో ఆ కొనలు లేచి ఉంటాయి, తప్పు చేసినా జారిపోతుంది.

వీరుడూ, నువ్వు పద్దెనిమిదేళ్ళప్పుడు నేర్చుకుని ఉంటావు. 34 ఏళ్ళావిడ సోమవారం ఆఫీసుకి వెళ్ళాలి. మొదటి పదిరోజులు దెబ్బలు తగ్గితేనే పదకొండో రోజు కొండకి వెళ్తారు.

వ్యాక్స్_వీరుడు
బాబాయ్, ఆ మాటకి ఒప్పుకుంటున్నాను. నేర్చుకున్నది పంతొమ్మిదేళ్ళకి. కానీ పూర్తి రాకర్ వద్దు. ఫ్లాట్ గానీ, కాళ్ళ కింద కొద్దిగా క్యాంబర్ ఉండి కొనలు లేచినది గానీ తీసుకోండి. అక్కడిదాకా దిగొస్తాను.

వెర్మాంట్_వేపచెట్టు
వీరుడు చెప్పినదాంట్లో నిజం ఉంది, అది మీ కొండని బట్టి. మా వైపు జనవరిలో వాలు మీద మంచు కాదు, గాజు. పూర్తి రాకర్ వేసుకెళ్తే హీల్ ఎడ్జ్ పట్టదు, పక్కకి జారుకుంటూ చెట్ల దాకా పోవడమే. సియాటిల్ వైపు మంచు బరువుగా, తడిగా ఉంటుంది, క్యాస్కేడ్ కాంక్రీట్ అని పేరే ఉంది కదా. అక్కడ ఫ్లాట్ బోర్డు బాగా నడుస్తుంది. వసంతంలో పగలు కరిగి రాత్రి గడ్డకట్టిన రోజుల్లో మాత్రం పొద్దున్నే వెళ్ళకండి.

రంపంలా అలలుగా ఉండే అంచున్న బోర్డులు కూడా ఉన్నాయి, మ్యాగ్నెట్రాక్షన్ అంటారు. గట్టి మంచు మీద పట్టు బాగుంటుంది. జీఎన్‌యూ వాళ్ళ బీ-నైస్ ఆ రకమే, కొత్తగా నేర్చుకునే ఆడవాళ్ళ కోసం చేసింది. ఆ కంపెనీ మీ వాషింగ్టన్ రాష్ట్రంలోదే.

పదోనంబర్_పాదం
పేర్లు వచ్చాయి కాబట్టి నేను చూసినవి: బర్టన్ హైడ్‌అవే, సాలమన్ లోటస్, కే2 డ్రీమ్‌సికిల్. మూడూ మెత్తనివే, కొత్తవాళ్ళవే. మా చెల్లెలు లోటస్ మీద నేర్చుకుంది. హైడ్‌అవే కొంటే ఒకటి గుర్తుపెట్టుకోండి, బర్టన్ బోర్డుల్లో రంధ్రాల బదులు పొడవాటి గాడి ఉంటుంది. వేరే కంపెనీ బైండింగు కొంటే దానికి ఆ గాడిలో కూర్చునే బిళ్ళ ఉందో లేదో అడగండి. ఇంటికొచ్చి విప్పాక చూసుకుంటే బాధ.

బోర్డు ఎంత గట్టిదో చెప్పడానికి ఫ్లెక్స్ అని 1 నుంచి 10 దాకా అంకె వేస్తారు, అంకె తక్కువైతే మెత్తన. 2 నుంచి 4 మధ్య చూడండి. ఒక కంపెనీ 4 ఇంకో కంపెనీ 4లా ఉండదు. షాపులో బోర్డు తోక నేల మీద ఆనించి, కొన ఒక చేత్తో పట్టుకుని, మధ్యలో ఇంకో చేత్తో నొక్కి చూడండి. మీ షాపు అబ్బాయి చూపించిన రెండూ పక్కపక్కన అలా నొక్కితే తేడా చేతికే తెలిసిపోతుంది.

గరాజ్_సేల్
600లో అన్నీ కొత్తవి కష్టమే. సెకండ్‌హ్యాండ్ ఎందుకు చూడరు? నేను మా ఆవిడకి 120 డాలర్లకి మంచి 146 తెచ్చాను. బోర్డు తిరగేసి అడుగు భాగం వెలుతురులో చూడండి. గీతలు పర్వాలేదు, లోపలి చెక్క కనపడేంత గాటు ఉంటే వద్దు. అంచు వెంట గోరు పెట్టి లాక్కుంటూ రండి, పగులు ఉంటే తగులుతుంది. పక్కగోడ దగ్గర పొరలు విడిపోయాయేమో చూడండి. కొద్దిపాటి తుప్పు రాస్తే పోతుంది.

బూట్లు మాత్రం సెకండ్‌హ్యాండ్ వద్దు. ఎవరి పాదానికో అణిగిన మెత్త మీ పాదానికి కుదరదు. హెల్మెట్ కూడా వద్దు, అది ఒకసారి గట్టిగా దెబ్బతిని ఉంటే పైకి కనపడదు.

గుంటూరు_గొడ్డుకారం
గరాజ్ గారు గరాజ్‌లు తిరిగి తిరిగి పీహెచ్‌డీ చేశారు. బంతి గారూ, మీ ఆయన 158ని కూడా ఈయనకే చూపించండి, ధర కడతారు.

ఓరుగల్లు_హిమ
సీజన్ రెంటల్ కూడా ఒక దారి కదా. నేను పోయినేడు అలాగే చేశాను. సీజన్ మొదట్లో తీసుకుని చివర్లో తిరిగిచ్చేయడం. పొడవు నచ్చకపోతే మధ్యలో మార్చిచ్చారు. అప్పటికి నాకేం కావాలో తెలిసింది. మార్చి, ఏప్రిల్‌లో ఆ ఏడాది బోర్డులకి ధరలు బాగా తగ్గిస్తారు, అప్పుడు కొనుక్కున్నాను. ఏడాదికోసారి బొమ్మ మారుతుంది, చాలావాటిలో బోర్డు అదే.

ఫిజియో_అక్క
అందరూ బోర్డు గురించే మాట్లాడుతున్నారు. నా పని ఫిజియోథెరపీ, చలికాలం వచ్చిందంటే మా దగ్గరికి మణికట్టు కట్లతో వచ్చేవాళ్ళు ఎక్కువవుతారు. స్నోబోర్డ్ కొత్తగా నేర్చుకునేవాళ్ళలో ఎక్కువగా దెబ్బతినేది మణికట్టే. పడుతున్నామనగానే అరచేయి చాపేస్తాం, అది అసంకల్పితం. శరీరం బరువంతా ఆ చాపిన చేతి మీద పడుతుంది.

600లో ఒక 30, 40 డాలర్లు పక్కన పెట్టి రిస్ట్ గార్డులు కొనండి. హెల్మెట్ తప్పనిసరి. లోపల వేసుకునే మెత్తల నిక్కరు కూడా ఉంటుంది, తోక ఎముకకి. ఎవరికీ కనపడదు, వేసుకోండి.

ఇంట్లో తివాచీ మీద పడటం సాధన చేయండి. ముందుకి పడితే పిడికిలి బిగించి, మోకాళ్ళు, ముంజేతుల మీద పడి అలా ముందుకి జారిపోవాలి. వెనక్కి పడితే కిందికి కూర్చుండిపోయి, గడ్డం ఛాతీకి ఆనించి, వీపు గుండ్రంగా చేసి దొర్లాలి. చేతులు వెనక్కి పెట్టకూడదు. రోజూ పదిసార్లు చేయండి, కొండ మీద ఆలోచించే టైం ఉండదు.

బంతి గారూ, మోకాళ్ళ వాపు వారం దాటినా తగ్గకపోతే ఎవరికైనా చూపించండి.

మణికొండ_మబ్బు
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. ఫిబ్రవరిలో మేం నలుగురం అమ్మాయిలం హైదరాబాద్ నుంచి గుల్‌మార్గ్ వెళ్తున్నాం, ఐదు రోజులు. స్నోబోర్డ్ నేర్చుకుందామని. ఇక్కడి నుంచి బోర్డు కొనుక్కుని వెళ్ళాలా?

వెర్మాంట్_వేపచెట్టు
వద్దు మబ్బు గారూ. ఐదు రోజులకి అక్కడే అద్దెకి తీసుకోండి. విమానంలో బోర్డు మోసుకెళ్ళే ఖర్చూ, హైరానా ఎందుకు?

టాహో_తుమ్మెద
మబ్బు గారూ, నేను గుల్‌మార్గ్ వెళ్ళాను. ఒక అద్దె కొట్టులో నా సైజు ఆడవాళ్ళ బూట్లు లేవని, రెండు సైజులు పెద్దవి ఇచ్చి సాక్సులు వేసుకోమన్నారు. మొదటి రోజంతా దండగైంది. రెండో రోజు నాలుగైదు కొట్లు తిరిగితే దొరికాయి. మీరు నలుగురు వెళ్తున్నారు కాబట్టి దిగిన సాయంత్రమే వెళ్ళి, బూట్లు వేసి చూసి, పక్కన పెట్టించుకోండి. మోండో కొలత కాగితం మీద రాసి తీసుకెళ్ళండి. గ్లవ్స్, రిస్ట్ గార్డులు, గాగుల్స్ ఇంటి నుంచే పట్టుకెళ్ళండి.

గొండోలా (కొండ మీదికి వెళ్ళే కేబుల్ కార్) చూసి ఆవేశపడకండి. మొదటి దశ కోంగ్‌డోరి దాకా, రెండోది అఫర్వాత్ మీదికి. పైనుంచి దిగడం కొత్తవాళ్ళకి కాదు. కింద గొండోలా స్టేషన్ దగ్గరి చిన్న వాలులోనే మొదటి మూడు రోజులు గడపండి. ట్రైనర్‌ని పెట్టుకోండి, బేరం ముందే తేల్చుకోండి.

మణికొండ_మబ్బు
థాంక్యూ అక్కా. కొలిచాను, 23.5. మిగతా ముగ్గురివీ రాత్రికి కొలుస్తాను.

వ్యాక్స్_వీరుడు
ఒక చిన్న ప్రశ్న ఎవరూ అడగలేదు. బంతి గారూ, మీరు ఏ కాలు ముందు పెట్టారు? మీ ఆయన ఏ కాలు ముందు పెడతారు?

బెల్‌వ్యూ_బంతి
ఆయన ఎడమ కాలు ముందు. బోర్డు ఎలా బిగించి ఉందో అలాగే ఎక్కాను నేను. అద్దె బోర్డు రోజున మాత్రం ట్రైనర్ నన్ను వెనక నుంచి మెల్లిగా తోసి, ముందుకి ఏ కాలు వేశానో చూసి, కుడి కాలు ముందు అని చెప్పారు. ఈ రెండూ కలిపి ఆలోచించనే లేదు!

వ్యాక్స్_వీరుడు
అదీ సంగతి. మీరు గూఫీ, అంటే కుడి కాలు ముందు; ఆయన రెగ్యులర్, ఎడమ కాలు ముందు. పొడవు ఎక్కువ, వెడల్పు ఎక్కువ, బైండింగు పెద్దది, పైగా కాలు తిరగబడింది. మీరు ఆ రోజు అంతసేపు కొండ మీద నిలబడ్డారంటే నాకు మీ మీద గౌరవం పెరిగింది.

కొత్త బోర్డు మీద బైండింగులు బిగించేటప్పుడు కుడి కాలు ముందు అని చెప్పండి. ముందు కాలు 15 డిగ్రీలు, వెనక కాలు మైనస్ 6 నుంచి మైనస్ 12 మధ్య పెట్టించి చూడండి. మధ్య దూరం భుజాల వెడల్పు కన్నా కొంచెం ఎక్కువ. మోకాలు లోపలికి లాగుతున్నట్టుంటే కోణం మార్చుకోవాలి, నాలుగు స్క్రూల పని.

గుంటూరు_గొడ్డుకారం
వీరుడు గారు కేసు తేల్చేశారు.

గాజుల_గలగల
అంతా చదివాను. ఇంత కష్టపడేకన్నా స్కీయింగ్ నేర్చుకోవచ్చు కదా? మా ఇంట్లో స్నోబోర్డ్ అంటే మగపిల్లల ఆట అన్నట్టు చూస్తారు.

పదోనంబర్_పాదం
గలగల గారూ, ఆ మాట ఇంట్లో ఎవరైనా అంటే ఇది చెప్పండి. 1965 క్రిస్మస్ రోజున మిషిగన్‌లోని మస్కీగన్‌లో షెర్మన్ పాపెన్ అనే ఆయన, రెండు స్కీలు పక్కపక్కన కలిపి బిగించి ఒకటి తయారు చేశారు. ఎవరి కోసం? తన కూతుళ్ళ కోసం. దానికి స్నర్ఫర్ అని పేరు పెట్టింది ఆయన భార్య. ఇప్పటి స్నోబోర్డుకి అదే మూలం. ఆడపిల్లలు ఆడుకోవడానికి పుట్టిన ఆట ఇది.

2018 ఒలింపిక్స్‌లో అమెరికా స్నోబోర్డర్ క్లోయీ కిమ్ హాఫ్‌పైప్‌లో (సగం గొట్టంలా ఉండే మంచు కాలువలో ఆడే పోటీ) బంగారు పతకం గెలిచినప్పుడు ఆమె వయసు 17. మా అమ్మాయి గోడ మీద ఇప్పటికీ ఆమె ఫోటో ఉంది.

డెన్వర్_బాబాయ్
స్కీయింగూ మంచిదే గలగలా, ఎవరికి ఏది నచ్చితే అది. ఒకటి మాత్రం నిజం, యూటాలో ఆల్టా, డీర్ వ్యాలీ, వెర్మాంట్‌లో మ్యాడ్ రివర్ గ్లెన్, ఈ మూడు చోట్ల ఇప్పటికీ స్నోబోర్డ్ రానివ్వరు. టికెట్లు కొనేముందు చూసుకోవాలి.

బెల్‌వ్యూ_బంతి
అందరికీ చెప్పి వెళ్దామని వచ్చాను.

కాగితం మీద గీత గీసి కొలిస్తే ఎడమ పాదం 23.6, కుడి 23.9 వచ్చింది. చెప్పుల సైజు ప్రకారం షాపులో మొదట 24.5 ఇచ్చారు. టాహో గారు చెప్పినట్టు వేళ్ళ మీద లేచాను, మడమ లేచింది. 24 వేసుకున్నాను. మొదట బాగా బిగుతుగా అనిపించి భయపడ్డాను. షాపులో అరలన్నీ చూస్తూ ఇరవై నిమిషాలు తిరిగాను. పదిహేనో నిమిషానికి పాదం సర్దుకుంది. ఎక్కడా గుచ్చలేదు. వాటికే 210 డాలర్లు అయ్యాయి.

మిగిలిన డబ్బులో రిస్ట్ గార్డులు, హెల్మెట్. బోర్డు, బైండింగులు ఒక రోజుకి అద్దెకి. 144 పొద్దున, 147 మధ్యాహ్నం తీసుకుని రెండూ చూశాను. రెండూ ఫ్లాట్ రకమే. కుడి కాలు ముందు పెట్టించుకున్నాను.

144 మీద మొదటి గంటలో ఒక విషయం జరిగింది. హీల్ ఎడ్జ్ మీద జారుతూ వచ్చి, ముందు కాలి వేళ్ళు మెల్లిగా నొక్కాను. బోర్డు ముందు భాగం మాత్రం కాస్త మెలికపడినట్టు కిందికి తిరిగింది. నేను ఏమీ చేయకుండానే తిరిగిందనిపించింది. తర్వాత వెనక కాలి వేళ్ళు కూడా నొక్కాను, టో ఎడ్జ్ పట్టుకుంది, ముఖం కొండ వైపు తిరిగి ఆగిపోయాను. అలాగే మోకాళ్ళ మీద కూర్చుండిపోయాను, ఎదురుగా మంచు తప్ప ఏమీ కనిపించట్లేదు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

147 కూడా బాగుంది కానీ సాయంత్రానికి కాళ్ళు అలసిపోయి తిప్పడం బరువైంది. 144 కొంటాను. వసంతం తగ్గింపులు వచ్చేదాకా ఆగుతాను, అప్పటిదాకా అద్దె.

మా ఆయనకి ఈ చర్చంతా చదివి వినిపించాను. "నాకు తెలియక ఇచ్చాను" అని నొచ్చుకున్నారు. బైండింగు పలక తగిలిన చోట ఇంకా పచ్చగా ఉంది, అక్కడ మందు రాశారు.

టాహో_తుమ్మెద
మీ టో ఎడ్జ్ ముక్క మూడుసార్లు చదివాను. ముందు కాలితో బోర్డుని మెలితిప్పడం అంటే అదే. గట్టి బోర్డు మీద అది మీకు పది రోజులకి కూడా తెలిసేది కాదు.

ఫిజియో_అక్క
రిస్ట్ గార్డులు కొన్నందుకు సంతోషం. మోకాళ్ళు ఎలా ఉన్నాయి?

బెల్‌వ్యూ_బంతి
ఫిజియో అక్కా, వాపు పోయింది. తివాచీ మీద పడటం మా ఆరేళ్ళ పాప కూడా నేర్చేసుకుంది, రోజూ నాతోపాటు దొర్లుతోంది.

ఓరుగల్లు_హిమ
బంతి గారూ, నేను రెడ్‌మండ్‌లోనే ఉంటాను. ఈ ఆదివారం స్నోక్వాల్మీ వెళ్తున్నాను, కారులో ఇద్దరికి చోటుంది. నాది 146, మెత్తనిది. కావాలంటే మధ్యాహ్నం ఒక రౌండ్ మీరు దాని మీద వెళ్ళి చూడండి, మన బరువులు దాదాపు ఒకటే. బైండింగు కోణాలు మార్చడానికి స్క్రూడ్రైవర్ తెస్తాను.

బెల్‌వ్యూ_బంతి
హిమ గారూ, వస్తాను. పొద్దున ఏడింటికి బయల్దేరదామా? పులిహోర నేను తెస్తాను.